మేత ఆపిన చెరువు

2016 వేసవి బదిలీల్లో నన్ను మత్స్యాభివృద్ధి అధికారిగా ఏలూరుకు వేశారు. మా శాఖలో అది నడిమి మెట్టు. పైన సహాయ సంచాలకులు, కింద ఫీల్డ్‌మ్యాన్. పైవారికి నివేదికలు, కిందివారికి పురమాయింపులు, రైతులకు సలహాలు ఇవ్వడం నా పని. పెదపాడు మండలమూ, దాని దిగువన కొల్లేరు వైపు ఉన్న ఊళ్లూ నా పరిధిలోకి వచ్చాయి. ఒకప్పుడు వరి పండిన ఆ నేలలు అప్పటికే చాలావరకు చేపల చెరువులయ్యాయి. ఆడమనిషి తెల్లవారకుండానే గట్ల మీద తిరగడం మొదట్లో రైతులకు వింతగా ఉండేది. నీళ్లలో లోపం ఏమిటో చూసి చెప్పగలదని తెలిశాక ఆ వింత పోయింది.

ఆ చెరువుల సంగతి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. పొలం చుట్టూ ఎత్తుగా గట్టు పోసి నీళ్లు నింపితే అదే చెరువు. శీలావతి, బొచ్చె చేపపిల్లలను అందులో వదిలి, ఏడాది దాకా పెంచి పట్టిస్తారు. తవుడూ నూనె తీసిన చెక్కా కలిపిన మేతను అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన వెదురు కర్రలకు కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. సంచులు కట్టడానికి పొద్దున్నే ఒక మనిషి చిన్న పడవ ఎక్కి, గెడ వేసుకుంటూ కర్ర కర్రకూ తిరగాలి. గట్టు మీద కాపలా మనిషికి ఒక పాక ఉంటుంది. దాన్ని మకాం అంటారు.

మేత ఎక్కువ వేస్తే చేప తొందరగా ఎదుగుతుందని కొత్త రైతులు అనుకుంటారు. తినగా మిగిలిన మేత అడుగుకు దిగి కుళ్లుతుంది. ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది, అమ్మోనియా పుట్టిస్తుంది. ఎండ కాసే రోజుల్లో నీళ్లలోని పచ్చదనం పగలంతా ప్రాణవాయువును తయారుచేస్తుంది కాబట్టి ఎలాగో నెట్టుకు రావచ్చు. ముసురు పట్టిందంటే ఆ ఆధారమూ పోతుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి, కొంగలు గట్టు చుట్టూ బారులు తీరతాయి. అప్పుడు మేము చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఒకటే, మేత ఆపండి అని. రైతుకు అన్నిటికంటే కష్టంగా తోచే మాట కూడా అదే. నోరు తెరుచుకుని పైకి వచ్చిన వాటికి తిండి ఆపమంటారేమిటండీ అని నాతో తగువు పడ్డవాళ్లున్నారు.

మా ఆఫీసు వెనక గదిలో నీటి పరీక్షల ల్యాబు ఉండేది. వారానికి ఒక రోజు రైతులు సీసాలు తెచ్చేవారు. నీళ్లు ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అన్నది ముఖ్యం. సూర్యుడు రాకముందు, చెరువు మధ్యలో, మూరెడు లోతున తీయాలి. చాలామంది బస్సెక్కబోయే ముందు గట్టు పక్కన ముంచేసి, తెల్లారకముందే తీశామని చెప్పేవారు. అలాంటి సీసాను తిప్పి పంపేదాన్ని. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషినని నాకు పేరు పడింది. దానికి నేను బాధపడింది లేదు.

అలా సీసాలు తెచ్చేవారిలో సత్యనారాయణ గారు ఒకరు. అరవై దాటిన మనిషి, మొన్నమొన్నటి వరకూ వరి వేసిన రైతు. ఆయన సీసా తడి గోనెగుడ్డలో చుట్టుకుని, బుడగ లేకుండా నిండుగా, మొదటి బస్సులోనే వచ్చేది. దాని మీద మాత్రం ఆయన పేరు ఉండేది కాదు, కొడుకు రాంబాబు పేరు ఉండేది. రైతు రాకుండా మీరెందుకు వస్తున్నారని ఒకసారి అడిగాను. అబ్బాయి చెరువు వదిలి రాలేడని, తాను ఇంట్లో ఊరికే కూర్చునేవాణ్ని గనక పంపిస్తుంటాడని చెప్పారు. చెబుతున్నంతసేపూ కిటికీ వైపు చూస్తూనే ఉన్నారు. ఇంత శ్రద్ధ గల కుర్ర రైతు ఎవరా అని నాకు ఆసక్తి కలిగింది.

మా ఫీల్డ్‌మ్యాన్ మస్తాన్ ఏలూరువాడే. ఆ మండలంలో గట్లన్నీ ఎరిగినవాడు. రాంబాబు గురించి అడిగితే కాసేపు నసిగి, తర్వాత చెప్పాడు. ముప్పై అయిదు దాటిన మనిషి, డిప్లొమా చదివాడు. తాడేపల్లిగూడెంలో విత్తనాల దుకాణం పెట్టాడు, తాగుడులో అది పోయింది. భార్య పాపను తీసుకుని అత్తిలిలో పుట్టింటికి వెళ్లిపోయింది. తాగుడు మాన్పించే కేంద్రంలో ఒకటికి రెండుసార్లు చేర్చారు, రెండుసార్లూ మధ్యలోనే వచ్చేశాడు. చివరికి తండ్రి ఉన్న ఒక్క చెరువూ అతని చేతికిచ్చాడు. మీద బాధ్యత పడితే బాగుపడతాడని ఆశ. పని మాత్రం అంతా తండ్రే చేస్తాడు. కూలీలు వచ్చే వేళకు కొడుకును లేపి, మొహం కడిగించి, గెడ చేతికిచ్చి, తాను ఊరికే చూడటానికి వచ్చినట్టు పక్కన కూర్చుంటాడు.

"ఊళ్లో అందరికీ తెలుసు మేడం. ఎవరికీ తెలీదనుకునేది ఆయనొక్కడే" అన్నాడు మస్తాన్.

చెట్టంత కొడుకును పసిపిల్లాడిలా సాకుతున్న తండ్రులు ఆ చుట్టుపక్కల ఈయన ఒక్కరే కాదు. అది వాళ్ల ఇంటి సంగతి, నాకు నీళ్లతోనే పని అనుకుని ఊరుకున్నాను.

ఆ ఏడు వానాకాలం చివర్లో అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముసురు వదల్లేదు. సత్యనారాయణ గారి సీసాలో అమ్మోనియా వారం వారం హెచ్చుతూ వచ్చింది. మేత పూర్తిగా ఆపమని, ఇంజను పెట్టి అడుగు నీళ్లు తోడించి కొత్త నీళ్లు ఎక్కించమని, సున్నం చల్లమని చెప్పాను. ప్రతిదానికీ అలాగేనండి అన్నారు. మరుసటి వారం చూస్తే అమ్మోనియా ఇంకా పెరిగింది. మేత ఆపారా అంటే ఆపామండి అన్నారు. మేత ఆపిన చెరువు నీళ్లు అలా ఉండవు.

రైతులు నాతో అబద్ధం చెప్పడం కొత్త కాదు. అయితే అబద్ధం నిలబెట్టుకోవాలనుకునేవాడు పక్క చెరువులో నీళ్లు ముంచుకొస్తాడు. ఈయన నోటితో ఆపామని చెబుతూ, ఆపలేదని చెప్పే నీళ్లను తానే గోనెగుడ్డలో చుట్టి తెస్తున్నారు. ఎవరైనా వచ్చి చూస్తే బాగుండునని ఆయన మనసులో ఎక్కడో ఉందని నాకు అనిపించింది. ఆ మాట నిజమో కాదో ఆయన్ని తర్వాత కూడా అడగలేదు.

మర్నాడు పెందరాళే మస్తాన్ బండి మీద బయల్దేరాము. మేము గట్టెక్కేసరికి తెలతెలవారుతోంది, సన్నగా జల్లు పడుతోంది. కొంగలు అప్పటికే చేరాయి. గట్టుకు దగ్గరగా ఉన్న కర్రల వరస వెంట ఒక మనిషి పడవ మీద నిలబడి సంచులు కడుతున్నాడు. ఒక్కో కర్ర దగ్గరా వంగినప్పుడల్లా తూలి, కర్ర పట్టుకుని నిలదొక్కుకుంటున్నాడు. గట్టు మీద సత్యనారాయణ గారు నడుస్తున్నారు. ఆయన చేతిలో పొడుగాటి నైలాను తాడు ఉంది, దాని రెండో కొస పడవకు కట్టి ఉంది. పడవ కదిలితే ఆయన కదులుతున్నారు, ఆగితే ఆగుతున్నారు.

నన్ను చూసి తాడు కింద పడేసి, దాని మీద కాలేసి నిలబడ్డారు. తాడెందుకని అడిగితే, పడవ కొట్టుకుపోకుండానండి అన్నారు. నాలుగు వైపులా గట్టు పోసిన చెరువులో పడవ ఎక్కడికి కొట్టుకుపోతుందని నేను అడగలేదు.

పడవను ఒడ్డుకు పిలిపించాము. రాంబాబు దిగి, నాకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. మర్యాద తెలిసిన మనిషి. మొహం ఉబ్బి ఉంది, వాసన ఆమడ దూరానికి తెలుస్తోంది. మస్తాన్ అదే పడవ మీద మధ్యకు వెళ్లి పై నీళ్లూ అడుగు నీళ్లూ వేరువేరు సీసాల్లో పట్టి తెచ్చాడు. ప్రాణవాయువు పరీక్ష చెరువు దగ్గరే చేయాలి. సీసాలో రెండు రకాల మందు చుక్కలు వేస్తాము. ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు ముద్ద కట్టి కిందికి దిగుతుంది, రంగు ఎంత ముదిరితే అంత మేలు. లేకపోతే నీళ్లు పాలలాగా తెల్లబడి ఊరుకుంటాయి. పై నీళ్ల సీసాలో లేత రంగు వచ్చింది. అడుగు నీళ్ల సీసా తెల్లగానే ఉండిపోయింది.

కట్టిన సంచులన్నీ అప్పటికప్పుడు విప్పించమన్నాను. పడవ కూడా గట్టెక్కించాలి, గెడతో కెలికినకొద్దీ అడుగున ఉన్న చెడు పైకి వస్తుందని చెప్పాను. గాలి ఆడని పొద్దు ఇంకొక్కటి వస్తే చేపలన్నీ చచ్చి తేలతాయన్నాను. మేత ఎన్నడు ఆపారో చెప్పమని రాంబాబును అడిగాను, రైతు అతనే గనక.

"నాకివేమీ తెలీదండి. నాన్నని అడగండి" అన్నాడు. వెటకారమూ లేదు, సిగ్గూ లేదు. ఎవరి పొలం గురించో అడిగితే చెప్పినట్టు చెప్పి, మకాంలోకి వెళ్లి పడుకున్నాడు.

కొడుకు లోపలికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు సత్యనారాయణ గారు నోరు విప్పారు.

"మేతుంది అంటే లేస్తాడండి. పడవెక్కాలి అంటే లేస్తాడు. అదీ లేకపోతే తెల్లారగానే రోడ్డు మీదికి పోయి, ఆ బ్రాందీ కొట్టు తెరిచేదాకా అరుగు మీద కూర్చుంటాడు. చేపలు పోతే పోనివ్వండి మేడం గారండి. పడవ మీదున్న కాసేపూ నా కొడుకు మనిషిలా కనపడతాడు."

మేత అతిగా వేసిన రైతులను సర్వీసులో చాలామందిని చూశాను. ఆశకొద్దీ వేసేవారు, తెలియక వేసేవారు, పక్కవాడు వేశాడని వేసేవారు. కొడుకును నిద్ర లేపడానికి మేత వేసే రైతును మాత్రం అంతకుముందు చూడలేదు. ఆ చెరువు తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదని మస్తాన్ చెప్పి ఉన్నాడు. దాన్ని కళ్లతో చూస్తూ, చేతులతో కుళ్లబెట్టుకుంటున్నారు. మామూలుగా అయితే నాకు కోపం రావాలి. రాలేదు. సీసా మూత బిగిస్తూ నిలబడ్డాను.

అనసూయమ్మ గారు, ఆయన భార్య, గ్లాసుల్లో టీ తెచ్చారు. సన్నటి మనిషి. అప్పటిదాకా మకాం పక్కన పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నారు. టీ ఇచ్చి, నా చేతిలో సీసా తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు. చెరువంతా ఇలాగే ఉందా అని అడిగారు. అడుగంతా ఇలాగే ఉందన్నాను.

"ఇప్పుడాపితే చెరువు బాగుపడుద్దాండి?"

బాగుపడుతుంది, కొన్ని చేపలు పోవచ్చు, మిగతావి నిలుస్తాయి అన్నాను. ఆమె భర్త వైపు తిరిగి విన్నారా అన్నారు. రేపట్నుంచి ఆపుదామని ఆయన గొణిగారు. రేపటికి ఏదో ఒకటి ఆలోచిస్తానన్నారు. ఆ మాట ఆమె చాలాసార్లు విన్నారని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది.

"పడవ మీద కూడా వాడు తాగే ఉంటున్నాడమ్మా" అని ఆమె నాతో అన్నారు. "ఈయనకి తెలుసు. అందుకే ఆ తాడు. చేపలకి కాదు మేం కాపలా, వాడికి. వాడి పని ఈయన చేసి, వాడి మొహం ఈయన కడిగి, వాడి పేరు ఈయన రాసి. వాడికింక చెయ్యడానికి ఏం మిగిలిందండీ?"

ఇంటి గొడవలో పరాయిమనిషి ఉండకూడదని నేను మస్తాన్‌ను బండి తియ్యమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "కాస్త ఉండండమ్మా. మీరుంటే ఈయన అడ్డం రారు" అన్నారు. ఆ ప్రాంతంలో అధికారి ఎదుట మొగుడూ పెళ్లాం వాదులాడుకోరు. ఆ మర్యాదను ఆమె ఆ పూట వాడుకున్నారు. నేను ఉండిపోయాను.

ఆమె మస్తాన్‌ను పడవెక్కించి సంచులన్నీ విప్పించారు. పడవ లాగడానికి మస్తాన్ ఒక్కడి బలం చాలకపోతే, చప్పుడుకు లేచి వచ్చిన రాంబాబే రెండో పక్క పట్టి లాగాడు. ఎందుకు లాగుతున్నామని కూడా అడగలేదు. పడవ గట్టెక్కించి బోర్లించాక చేతులు దులుపుకుంటున్నవాడి ఎదురుగా వెళ్లి తల్లి నిలబడ్డారు.

"రాంబాబూ, మేత ఆపేశాం. పడవ ఇంక దిగదు. నీళ్లు కుదుటపడ్డాక చెరువు పట్టించేస్తాం. నిన్ను లేపడానికి మీ నాన్న ఇంక రారు. ఇంటికొస్తే అన్నం పెడతాను. తాగొస్తే తలుపు తియ్యను. ఊరికే అంటున్నాననుకోకు బాబూ."

గొంతు పెంచలేదు. రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పారు. రాంబాబు తండ్రి వైపు చూశాడు. తల్లి కోప్పడటం, తండ్రి సర్దిచెప్పడం ఆ ఇంట్లో ఎన్నేళ్ల అలవాటో ఆ చూపులో తెలిసింది. కొడుకు తండ్రి మాట కోసం ఎదురు చూస్తున్నాడు. సత్యనారాయణ గారు నీళ్ల వైపు తిరిగి నిలబడి ఉన్నారు. మొహం ఇటు తిప్పలేదు.

"సరేనమ్మా" అని రాంబాబు గట్టు వెంబడి రోడ్డు వైపు నడిచాడు.

అతను కొంత దూరం పోయాక సత్యనారాయణ గారు మకాం గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు చేతిలోకి తీసుకున్నారు. "చెప్పులేసుకోలేదే వాడు" అని అటే పరుగు తీయబోయారు. అనసూయమ్మ గారు ఆయన మణికట్టు పట్టుకుని ఆపారు.

"కాళ్లు వాడివండి. నొప్పెడితే వాడే వెనక్కొచ్చి వేసుకుంటాడు" అన్నారు.

ఆయన చెప్పులు పట్టుకునే నిలబడ్డారు. రాంబాబు వెనక్కి రాలేదు. దారికి రెండు పక్కలా చెరువులే. తాగిన మనిషి, వానకు నానిన గట్టు. నాకు భయం వేసింది. అతను తారురోడ్డు ఎక్కేదాకా నేనూ మస్తానూ అటే చూస్తూ నిలబడ్డాము. ఆ భయం ఆ తల్లికి లేదని ఎవరూ అనుకోవద్దు. ఆమె చెయ్యి ఆయన మణికట్టు మీద ఎంత గట్టిగా బిగిసిందో నేను చూశాను.

చెరువు మాట చెప్పాలంటే, అది మేము అనుకున్నట్టే నడిచింది. ఇంజను పెట్టి నీళ్లు మార్చారు, సున్నం చల్లారు. గట్టు వారన కొన్ని చేపలు చచ్చి తేలాయి, చాలావరకు నిలిచాయి. మరుసటి వారం సత్యనారాయణ గారు ఎప్పటిలా సీసా తెచ్చారు. ఏ పేరు రాయమంటారని అడిగాను. బల్ల అంచు రుద్దుతూ తన పేరు చెప్పారు. అమ్మోనియా సగానికి దిగిందని చెబితే సంతోషించినట్టు కనిపించలేదు. అబ్బాయి ఎక్కడున్నాడో తెలియదని, తాను వెతకబోతే భార్య ఒప్పుకోవడం లేదని, అన్నం సయించడం లేదని చెప్పారు. 

ముసురు పోయి ఎండలు కాశాక చెరువు పట్టించారు. ఎదుగుదల నమోదు చేసుకోవడానికి నేను వెళ్లాను. వలవాళ్లు నీళ్లలో దిగి వల దగ్గరికి లాగుతున్నారు, ఐసు నింపిన పెట్టెలు లారీ ఎక్కుతున్నాయి. అనసూయమ్మ గారు నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టారు. కన్నకొడుకును తరిమేసిన తల్లి అని ఊళ్లో ఆమెకు పేరు పడిందని మస్తాన్ నాతో ముందే చెప్పాడు. ఆ సంగతి ఆమే ఎత్తారు. అనేవాళ్ల నోళ్లు మూయించలేం గదండీ, వాళ్లకేం పోయింది అన్నారు.

తర్వాత మరో సంగతి చెప్పారు. ఒక సాయంత్రం రాంబాబు తాగి వచ్చి తలుపు కొట్టాడట. గట్టిగా కూడా కొట్టలేదట, అమ్మా అమ్మా అని పిలుస్తూ మెల్లగా కొట్టాడట. భర్త లేచి వస్తే ఆమె తలుపుకు వీపు ఆనించి కింద కూర్చున్నారట. "వాడు అటుపక్క కూర్చున్నాడు, నేను ఇటుపక్క కూర్చున్నానండి. మధ్యన తలుపు చెక్కొకటే" అన్నారు. ఇంకో రోజు మధ్యాహ్నం మామూలుగా వచ్చాడు. చెప్పిన ప్రకారం అన్నం పెట్టారు. ఎక్కడుంటున్నావని అడగలేదు, అతనూ చెప్పలేదు. తిని, కంచం కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. ఇదంతా చెబుతూ ఆమె ఏడ్చారు. ఏడుస్తూనే లారీకి ఎక్కే పెట్టెల మీద ఒక కన్ను వేసి ఉంచారు.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు సత్యనారాయణ గారు మా ఆఫీసుకు వచ్చారు. సీసా లేదు. చెరువు వేరే రైతుకు లీజుకు ఇచ్చేశామని, ఇకమీదట రావలసిన పని ఉండదని, చెప్పిపోదామని వచ్చానని అన్నారు. కూర్చోమన్నాను. కాసేపు ఆ లీజు రైతు మంచిచెడ్డలు మాట్లాడి, ఉన్నట్టుండి తాడేపల్లిగూడెం వెళ్లానండి అన్నారు.

ఎవరో చూశామని చెబితే ఇంట్లో చెప్పకుండా రైలెక్కారట. ఉల్లిపాయల మార్కెట్టులో కొడుకు లారీ మీంచి బస్తాలు దింపుతున్నాడు. ఈయన రోడ్డుకు ఇవతల సోడాబండి చాటున నిలబడి చూశారు. కొడుకు చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, ఒంటి మీద బనీను తప్ప లేదు. ఒక బస్తా చెయ్యి జారి పడితే మేస్త్రీ తిట్టాడు. రాంబాబు మళ్లీ ఎత్తుకున్నాడు. లారీ ఖాళీ అయ్యేదాకా ఈయన అలాగే నిలబడ్డారు. పని అయ్యాక కొడుకు పంపు దగ్గర మొహం కడుక్కుని, తనవాళ్లతో కలిసి అటు వెళ్లిపోయాడు. సాయంత్రాలు తాగుతూనే ఉన్నాడని అక్కడివాళ్లను కనుక్కుంటే చెప్పారట.

పిలవలేదా అని అడిగాను.

"పిలవలేదండి" అన్నారు. తువ్వాలు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టారు. "పిలిస్తే వచ్చేస్తాడండి. అందుకే పిలవలేదు."

ఆ మాట అన్నాక ఆయన ఎక్కువసేపు ఉండలేదు. బస్సు వేళయిందని లేచారు. ఆ రోజు గట్టు మీద భార్య చేసింది ఆయన తాడేపల్లిగూడెం రోడ్డు పక్కన ఒక్కరే చేశారు. ఆమె దగ్గర నేనున్నాను, మస్తాన్ ఉన్నాడు. ఈయన దగ్గర ఎవరూ లేరు. తాడు పట్టుకుని నడిచిన ఆ మనిషికి రోడ్డుకు ఇవతల ఆగిపోవడం ఎంత కష్టమై ఉంటుందో నేను ఊహించగలను.

నేను రిటైరయి కొన్నేళ్లయింది. మస్తాన్ అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. రాంబాబు తాడేపల్లిగూడెంలోనే ఉన్నాడని, మధ్యలో తనంతట తాను కేంద్రంలో చేరి కొన్నాళ్లు బాగున్నాడని, మళ్లీ మొదలుపెట్టాడని, మళ్లీ పనికి వెళుతున్నాడని చెబుతుంటాడు. మానేశాడా లేదా అని ఈ కథ విన్నవాళ్లు అడుగుతారు. నాకు తెలియదు. అత్తిలిలో ఉన్న పాప మాత్రం సెలవులకు నానమ్మ తాతయ్యల దగ్గరికి వస్తోందట.

ఉద్యోగం వరకు ఆ ఉదంతం నా పద్ధతిని మార్చింది. ఆ తర్వాత రైతు నా సలహా పాటించకపోతే మొండివాడని నివేదికలో రాసేముందు, ఆ పని ఆపితే ఆ ఇంట్లో ఇంకేం ఆగిపోతుందో అడిగి తెలుసుకునేదాన్ని. చాలాసార్లు జవాబు చెరువులో ఉండేది కాదు. మిగిలిన సంగతిలో చేపకూ మనిషికీ పోలిక పెట్టడం నాకు ఇష్టం లేదు. మేత ఆపితే నీళ్లు కుదుటపడతాయని నేను సంతకం పెట్టి చెప్పగలను, అది పరీక్షల్లో తేలే విషయం. చెయ్యి వదిలితే కొడుకు నిలబడతాడని సంతకం పెట్టగలిగినవాళ్లు ఏ శాఖలోనూ లేరు. ఆ భార్యాభర్తలకు అలాంటి భరోసా ఎవరూ ఇవ్వలేదు. అది లేకుండానే వాళ్లు వదిలారు.